విప్పి కట్టగలిగిందే మనది

అలంపూర్‌లో నవబ్రహ్మ ఆలయాలు చూడవచ్చినవాళ్లు సంగమేశ్వరాలయాన్నీ చూసి వెళ్తుంటారు. ఆ గుడి పుట్టింది అక్కడ కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం జలాశయం నీళ్లు ఆ చోటును ముంచేస్తాయని తేలాక గుడిని రాయికి రాయి విడదీసి, ఏ రాయి ఏ వరసదో గుర్తు పెట్టుకుని, అలంపూర్‌కు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఈ ఘనత తరలించినవాళ్లదెంతో, చాళుక్యుల కాలంలో దాన్ని కట్టిన శిల్పులదీ అంతే. వాళ్లు సున్నాన్ని నమ్ముకోలేదు. రాయి బరువునూ, రాయిలో రాయి కూర్చునే తీరునూ నమ్ముకున్నారు. అందుకే గుడి పగలకుండా విడింది, విడిపోయాక మళ్లీ కలిసింది. ముద్దగా పోతపోసిన కట్టడాన్ని కూల్చగలం గాని విప్పలేం. కూల్చడానికీ విప్పడానికీ ఉన్న ఈ తేడా గుడులతో ఆగదు. మన ఇంట్లో కూర్చునే కుర్చీకీ, పడుకునే మంచానికీ, పుస్తకాలు పెట్టుకునే అరకూ వర్తిస్తుంది. ఇంట్లో కొయ్య సామాను సొంతంగా చేసుకోవాలన్న సరదా గురించి మాట్లాడాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలని నాకు అనిపిస్తుంది.

వృత్తి వడ్రంగులు కానివాళ్లు సెలవు దొరికినప్పుడు ఉలీ రంపం పట్టుకుని పీటలు, చిన్న బల్లలు, గోడ అరలు చేసుకోవడం ఈమధ్య పట్నాల్లో బాగానే కనిపిస్తోంది. దీన్ని మెచ్చుకునేవాళ్లు మామూలుగా రెండు లాభాలు చెబుతారు. డబ్బు మిగులుతుందని ఒకటి, మనసు తేలికపడుతుందని మరొకటి. మొదటిది చాలాసార్లు నిజం కాదు. రెండోది నిజమే గాని మల్లెపాదుకు నీళ్లు పోసినా, చెరువుగట్టున గాలం వేసుకుని కూర్చున్నా అదే దొరుకుతుంది. దానికోసం కొయ్యను కోయక్కర్లేదు. నా వాదన వేరు. సొంతంగా ఒక పీట చేసినవాడికి దక్కే అసలు లాభం పీట కాదు, అతుకు తెలియడం. ఏ చెక్క ఏ చెక్కను ఎలా పట్టుకుని ఉందో, ఎక్కడ వదులైతే ఏం ఊగుతుందో, ఎటు నుంచి కొడితే ఊడి వస్తుందో తెలియడం. అది తెలిసిన వస్తువును విప్పగలం, బాగుచేసుకోగలం, మళ్లీ కట్టగలం. అలాంటిదే పూర్తిగా మన వస్తువు. తక్కినవాటికి మనం డబ్బు కట్టాం, ఇంట్లో చోటిచ్చాం, అంతే.

అతుకు తెలియడమంటే ముందు కొయ్య స్వభావం తెలియాలి. చెట్టు కొట్టిన తరవాత కూడా కొయ్య కదలడం మానదు. పచ్చిలో ఉన్న నీరు ఆరిపోయినా, గాలిలో చెమ్మ పెరిగితే పీల్చుకుని ఉబ్బుతుంది, తగ్గితే వదిలి కుంచించుకుంటుంది. పొడవునా ఈ కదలిక లెక్కలోకి రానంత తక్కువ. అంతా అడ్డంగానే. ఆ అడ్డంలోనూ చెట్టు వలయాల వెంబడి కదిలేది, నడిబొడ్డు నుంచి బెరడు వైపు కదిలేదానికి దాదాపు రెండింతలు ఉంటుంది. అడుగు వెడల్పున్న పలక ఒక్క శాతం కుంచించుకుంటే మూడు మిల్లీమీటర్లు తగ్గినట్టు. మే నెలలో గాలి నిప్పులు చెరిగి, ఆగస్టులో రెండు నదుల మీది చెమ్మ ఇళ్లలోకి వచ్చే అలంపూర్ లాంటి చోట ఆ మూడు మిల్లీమీటర్లు ఏటా వచ్చిపోయే చుట్టం. పలకను రెండు అంచుల దగ్గరా మేకులతో బిగించేస్తే ఆ చుట్టానికి దారి ఉండదు. నడిమధ్యన పలక నెర్రె విచ్చుతుంది. పాతకాలపు తలుపును దగ్గరగా చూస్తే దీనికి విరుగుడు కనిపిస్తుంది. చుట్టూ ఉన్న చట్రానికి లోపలి వైపు గాడి తీసి, పలక అంచులను పలచగా చెక్కి, బంకా మేకూ లేకుండా ఆ గాడిలో వదిలేస్తారు. వానాకాలం పలక గాడిలోకి జరుగుతుంది, ఎండాకాలం వెనక్కి వస్తుంది. చట్రం మాత్రం కదలదు. రోజూ తీసి మూసే తలుపులో ఇంత లెక్క దాగి ఉందని, ఒక్కసారైనా గాడి తీసి చూడనివాళ్లకు తట్టదు.

ముక్కాలిపీట సంగతీ అంతే. మూడు కాళ్లెందుకంటే చెక్క పొదుపు కోసమనుకుంటాం. మూడు బిందువులు ఎక్కడున్నా వాటి మీదుగా ఒక సమతలం పోతుంది కాబట్టి, ఎగుడుదిగుడు నేల మీదైనా ముక్కాలిపీట ఊగదు. నాలుగో కాలు పెట్టామా, నాలుగు కాళ్ల కొలతా నేలా రెండూ సరిగ్గా కుదరాలి. కొత్తగా ఉలి పట్టినవాడి మొదటి నాలుగుకాళ్ల పీట ఊగి తీరుతుంది. ఊగుడు తీర్చడానికి ఒక కాలు కోస్తాడు, అప్పుడు పొట్టిదైన ఆ కాలికి సరిపడా మరోటి కోస్తాడు, చివరికి పీట కాస్తా పలక అవుతుంది. మరి నులకమంచానికి నాలుగు కాళ్లున్నా మట్టి వాకిట్లో ఎందుకు కుదురుగా నిలుస్తుంది? పట్టెలను కోళ్లలోకి దించిన అతుకులు పిసరంత మెలితిరగనిస్తాయి, నులక ఆ మెలికను భరిస్తుంది. మనిషి బరువు పడగానే మంచం నేలను బట్టి తననుతాను సర్దుకుంటుంది. నులక సాగితే కాళ్లవైపు తాడు బిగించుకుంటాం, తెగితే మళ్లీ అల్లుకుంటాం, కోడు విరిగితే ఆ ఒక్క కోడే మార్చుకుంటాం. విప్పి కట్టే వీలున్న వస్తువుకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. దాన్ని మోటు సామానని అటక మీదికి ఎక్కించినవాళ్లు అతుకు వైపు చూడలేదు, నులక రంగే చూశారు.

అతుకు తెలిసిన చూపుతో అలంపూర్ గుడుల దగ్గరికి మళ్లీ వెళ్లాలి. ఏడూ ఎనిమిది శతాబ్దాల నాటి ఆ శిఖరాల మీద, గోడల మీద గుర్రపులాడం ఆకారంలో చిన్న తోరణాలు వరసగా కనిపిస్తాయి. గవాక్షాలంటారు వాటిని. చాలామంది కళ్లకవి అలంకారం. నిజానికవి కొయ్య జ్ఞాపకం. వాసాలను వంచి, పైన గడ్డి కప్పిన పాతకాలపు కప్పును ఎదురుగా నిలబడి చూస్తే కనిపించే ముఖం అది. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో గుండ్రని చైత్యగుహ లోపలికి వెళ్లి తలెత్తితే సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. కొండను తొలిచినవాళ్లకు ఆ కప్పుకు వాసాలు అవసరం లేదు, అయినా గుడిసె కప్పులో ఉండేట్టు రాతిలో వాసాలు చెక్కారు. మహారాష్ట్రలోని కార్లే గుహలోనైతే రాతి కప్పుకు నిజమైన కొయ్య వాసాలే అమర్చారు, దాదాపు 2,000 ఏళ్లుగా అవి అక్కడే ఉన్నాయి. మన రాతి కట్టడం నడక నేర్చుకున్నది కొయ్య వేలు పట్టుకుని. స్తంభం తలమీద బోదె ఎందుకు పక్కలకు చాచుకుని ఉంటుందో, దూలం కింద అడ్డకొయ్య బిగించిన చేతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పీట చేయడం నేర్చుకున్నవాడికి ఊళ్లో ఉన్న గుడి చదవవచ్చే పుస్తకమవుతుందంటే, అది సరదాకు మించిన లాభం కాదా?

ఇక వస్తువు మన్నిక సంగతి. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రల వరద అలంపూర్‌నూ, అవతల కర్నూలునూ ముంచెత్తింది. వరద మిగిల్చిన ఇంట్లో సామాను ఏ గతి పడుతుందో అందులోని అతుకును బట్టి ముందే చెప్పొచ్చు. రంపపు పొట్టును బంకతో కలిపి నొక్కిన పలకలు నీళ్లు తాగితే ఉబ్బి పొరలు విచ్చుతాయి. ఆరాక మళ్లీ మునుపటి మందానికి రావు, వాటిలో బిగించిన మరమేకుకు పట్టు దొరకదు. ఆ బీరువాను బయట పారేయడం తప్ప మార్గం లేదు. గట్టి కొయ్యతో, ఒక చెక్క కొనను నాలుకలా చెక్కి మరో చెక్క బెజ్జంలోకి దించి, అడ్డంగా కొయ్యచీల కొట్టి చేసిన బల్లయితే తానూ ఉబ్బుతుంది, వంకర కూడా తిరగొచ్చు. కాని నీడన మెల్లగా ఆరనిచ్చి, చీలలు ఊడగొట్టి, పాడైన ముక్కను మార్చి మళ్లీ బిగించుకోవచ్చు. వరద రోజూ రాదు కదా అంటారు. రోజూ వచ్చేవి చిన్నవి ఉన్నాయి. స్నానాలగది గోడ చెమ్మ, వంటింట్లో ఒలికిన నీళ్లు, ఇల్లు మారినప్పుడు లారీ కుదుపులు. అద్దె ఇళ్లు మారుతూ బతికే మధ్యతరగతికి, విప్పి కట్టుకునే వీలు గుడికి ఎంత అవసరమైందో బల్లకూ అంతే అవసరం.

దీనికి ఎదురొచ్చే మొదటి ప్రశ్న ఖర్చు. కొయ్య కొనాలి, పనిముట్లు కొనాలి, చెడగొట్టిన ముక్కలకు లెక్కేలేదు, నాలుగు ఆదివారాలు పోతాయి. ఆ డబ్బుతో బజారులో ఇంతకంటే నునుపైన పీట వస్తుంది. నిజమే, ఒప్పుకోవాలి. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం వడ్రంగంతో సహా 18 వృత్తులవాళ్లకు పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా సాయం పెట్టింది. వృత్తికే ఆ లెక్క అయితే సరదాకు అంత అక్కర్లేదు. ఒక రంపం, రెండు ఉలులు, కొయ్యసుత్తి, మూలమట్టం, చిత్రిక పట్టడానికి ఒక రందా, అన్నిటికంటే ముఖ్యంగా ఒక సానరాయి ఉంటే పీటకూ బల్లకూ చాలు. అయినా మొదటి పీట బజారు పీటకంటే ఖరీదే. లెక్క మారేది తరవాత. కుర్చీ కాలు వదులైనప్పుడు, తలుపు అంచు పట్టేసినప్పుడు, మంచం కిర్రుమన్నప్పుడు మనం సాధారణంగా చేసేది పాతది తీసేసి కొత్తది తేవడం. అతుకు తెలిసినవాడు పావుగంట పనితో సరిపెడతాడు. పీట ధరను పీట ధరతో పోల్చడం పొరపాటు. ఆ పీట దగ్గర నేర్చిన పని ఇంట్లో మరెన్ని వస్తువుల ఆయుష్షు పెంచిందో దానితో పోల్చాలి.

రెండో అభ్యంతరం కాస్త గడుసుది. సొంతంగా చేసింది గొప్పగా కనిపించడం వట్టి మురిపెమని, కాకిపిల్ల కాకికి ముద్దని అంటారు. దీనికి పరిశోధన ఆధారం కూడా ఉంది. నార్టన్, మోచోన్, ఏరియలీ అనే ముగ్గురు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, కాగితం మడిచి బొమ్మలు చేసిన కొత్తవాళ్లు తమ వంకర బొమ్మలకు నిపుణుల బొమ్మలకు దగ్గరగా విలువ కట్టారు. విడిభాగాలను ఇంట్లో బిగించుకునే సామాను అమ్మే ఐకియా పేరే ఆ పోకడకు పెట్టారు. ఆ సంస్థ మన దేశంలో తొలి దుకాణం తెరిచింది 2018లో, హైదరాబాద్‌లోనే. అయితే అదే అధ్యయనంలో మరో మాట ఉంది. పని పూర్తిచేయలేకపోయినవాళ్లలో, చేసింది విప్పేసినవాళ్లలో ఆ మురిపెం కనిపించలేదు. అంటే మురిపెం శ్రమకు పుట్టదు, పూర్తయిన వస్తువుకు పుడుతుంది. నేనంటున్న లాభం ఇందుకు సరిగ్గా ఎదురు దిక్కున ఉంది. సగంలో చెడిన పీట కూడా అతుకు గురించి నేర్పుతుంది, విప్పినప్పుడు ఇంకా ఎక్కువ నేర్పుతుంది. పైగా కొయ్యపనిలో మురిపానికి హద్దు పెట్టే తీర్పరి ఒకటుంది, నేల. ఎంత ముద్దొచ్చినా ఊగే పీట ఊగుతుంది.

మూడోది అన్నిటికంటే బరువైన అభ్యంతరం. తరతరాలుగా వడ్రంగాన్ని నమ్ముకున్న కుటుంబాల నోటికాడి కూడు మీద ఉద్యోగస్థుల సరదా పడుతోందని. ఒకప్పుడు పల్లెలో నాగలి, గొర్రు, గుంటక, బండిచక్రం అన్నీ వడ్లాయన చేతి మీదుగానే పోయేవి, కళ్లంలో ఆయన మేర ఆయనకు కొలిచేవాళ్లు. ట్రాక్టరు వచ్చి నాగలినీ, రబ్బరు టైరు వచ్చి బండిచక్రాన్నీ, ఇనుమూ ప్లాస్టిక్కూ వచ్చి దర్వాజానూ కిటికీనీ తీసుకుపోయాయి. మిగిలిన మంచం, బల్ల పనిని కార్ఖానా పలకలు పట్టుకుపోయాయి. ఈ జాబితాలో ఆదివారం వడ్రంగి ఎక్కడా లేడు. పైగా కార్ఖానా సామాను కొనేవాడికి ఊళ్లో వడ్లాయనతో పనే లేదు. సొంతంగా చేసుకునేవాడికి దుంగ కోయించాలన్నా, రంపానికి పళ్లు తీయించాలన్నా, పలక వంపు తీయించాలన్నా ఆయన గడప తొక్కక తప్పదు. అంతకంటే పెద్ద సంగతి, బెజ్జం తొలవడానికి ఎంత ఓర్పు కావాలో తన చేతికి తెలిసినవాడు ఆయన అడిగిన కూలిని బేరమాడడు. పనికి విలువ కట్టలేని కొనుగోలుదారే చేతివృత్తికి అసలు శత్రువు. కాకపోతే ఇక్కడ ఒక షరతు ఉంది. ఆ విద్యను వీడియోల్లో చూసి తనదన్నట్టు చెప్పుకోవడం కాదు, ఊళ్లోని పనివాడి దగ్గర డబ్బిచ్చి నేర్చుకోవాలి. ఉలి పట్టే చేతిని తక్కువగా, కలం పట్టే చేతిని ఎక్కువగా చూసిన మన సమాజంలో, కలం పట్టినవాడు పట్టనివాడి ముందు శిష్యుడిగా కూర్చోవడమే సగం చదువు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1866లో ఫిన్లాండ్ తన పల్లె బడుల్లో చేతిపనిని పాఠంగా పెట్టింది. తరవాత స్వీడన్‌లోని నాస్‌లో ఓట్టో సాలమన్ ఉపాధ్యాయులకు కొయ్యపని నేర్పించాడు. పిల్లల్ని వడ్రంగుల్ని చేయడం అతని ఉద్దేశం కాదు, చేతి ద్వారా చూపునూ ఓర్పునూ దిద్దడం. మన దేశంలో 1937లో వార్ధాలో గాంధీజీ నయీ తాలీమ్ ప్రతిపాదించినప్పుడు, హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుస్సేన్ నాయకత్వంలోని కమిటీ పాఠ్యప్రణాళిక రాసింది. నూలు వడకడంతో పాటు వడ్రంగమూ అందులో చదువుకు పునాదిగా ఉన్న పనుల్లో ఒకటి. 2020 జాతీయ విద్యావిధానం కూడా 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు సంచీ లేకుండా పిల్లలు స్థానిక వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల దగ్గర గడపాలంటుంది. కాగితం మీద ఉన్న ఆ పది రోజులు వడ్లాయనకు గౌరవవేతనంతో సహా నిజంగా జరిగితే, ఒక తరానికి అతుకు తెలుస్తుంది. అప్పుడు పెద్దయ్యాక ఉలి కొత్తగా పట్టాల్సిన అవసరమే తగ్గుతుంది.

చెట్ల సంగతేమిటని అడిగేవాళ్లకూ సమాధానం చెప్పాలి. చెట్లు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం అడ్డుకట్టలు పెట్టింది, పెట్టాల్సిందే. ఇంటిపనికి నల్లమల టేకే కావాలని పట్టుబట్టేవాడు పొరపాటు చేస్తున్నట్టు. బీళ్లనూ కాలువగట్లనూ కమ్మేసే సర్కారుతుమ్మను పొయ్యిలోకే పనికొస్తుందని చూస్తాం. దాని కొయ్య గట్టిది, ఆరాక కదలిక తక్కువ. కాకపోతే పొడవుగా, తిన్నగా దొరకదు. పీట కాళ్లకూ పలకలకూ అంత పొడవెందుకు? పాత ఇళ్లు పడగొట్టినచోట అమ్మే దూలాలు, దంతెలు, దర్వాజ చెక్కలు ఇంకో దారి. దశాబ్దాల పాటు ఎండిన కొయ్య అది, కొత్త కొయ్యకంటే నమ్మకమైనది. మేకులు ఏరి, మట్టి గీకి, కొయ్యను పొడి చేసే పురుగు లేదని చూసుకుంటే చాలు. కాపు అయిపోయి తీసేసే మామిడి చెట్లు కూడా ఉన్నాయి. ఇవేవీ దుకాణాల్లో వరసగా పేర్చి దొరకవు. వెతుక్కోవాలి, ఒక్కో చెక్కనూ దాని వంకర తెలుసుకుని వాడుకోవాలి. ఆ వెతుకులాట కూడా అతుకు చదువులో భాగమే.

హద్దులు లేకపోలేదు. మనిషి ప్రాణం మోసే ఉయ్యాల బల్ల, పసిపాప ఊగే తొట్టి, ఇంటి దర్వాజ లాంటివి నేర్చుకునే చేతికి వదలకూడదు. తిరిగే రంపాలు వేళ్లు అడుగుతాయి, వాటిని నేర్పేవాడు పక్కన లేకుండా ముట్టకూడదు. మొదలుపెట్టాల్సింది పీట దగ్గరే. అది కూడా ఎవరు కూర్చుంటారో వాళ్లనడిగి చేయాలి. కత్తిపీట ముందు కూర్చుని కూర తరిగే మనిషి మోకాళ్ల ఎత్తు, చేసేవాడి అందం లెక్కకంటే ముఖ్యం.

ఇప్పుడా పీటను తిరగేసి చూద్దాం. మంచి పనివాడు నాలుగు కాళ్లనూ ఒకే కొలతకు చెక్కినా, ఏ కాలి నాలుక ఆ బెజ్జానికే సరిపోతుందని తెలుసు కాబట్టి, బిగించే ముందు పెన్సిలుతో గుర్తు పెడతాడు. ఒక కాలి మీద ఒక గీత, దాని బెజ్జం పక్కన ఒక గీత. రెండోదానికి రెండు, మూడోదానికి మూడు. కొత్తగా నేర్చేవాడు ఆ గీతలు పీట పూర్తయ్యాక గరుకు కాగితంతో రుద్దేయాలని చూస్తాడు. రుద్దకూడదు. సంగమేశ్వరాలయం రాళ్లు తమ వరసకు తిరిగి చేరింది అలాంటి గుర్తుల వల్లే. ఇరవై ఏళ్ల తరవాత ఎవరో ఆ పీట కాలు ఊగుతోందని తిరగేసినప్పుడు, దాన్ని ఎలా విప్పాలో, విప్పాక ఏది ఎక్కడికి పోవాలో ఆ గీతలే చెబుతాయి.